చూచినది చూచినట్లు: చరతారల కథ

మన పెండ్లిండ్లలో సప్తపది ముగిసిన పిదప పురోహితుడు వధూవరులను పందిరి వెలుపలికి దీసికొని వచ్చి ధ్రువుని జూపును, అరుంధతిని జూపును. ధ్రువునివలె నిలుకడగా నుండుడని దాని తాత్పర్యము. రాత్రి ముహూర్తమైనప్పు డీ తంతు బాగుగనే యుండును. పగటి ముహూర్తమైనప్పుడో, మిట్టమధ్యాహ్నమున పురోహితుడు కొబ్బరియాకుల పందిరి మీదికి వ్రేలు చూపి "కనబడినదా?" అని యడుగును. వరుడు "కనబడినది" అనును. వధువు తల యూపును. చుట్టునున్న పెద్దలలో నొక్కరును నవ్వరు. ఈ యాచారమును పరిహసించుటకు మేమీ మాట యెత్తుకొనలేదు. చూడకయే చూచితి మనుట మనలో నెంత సులువైపోయినదో చూపుటకు మాత్రమే యెత్తుకొంటిమి.

నిలుకడకు గుఱుతుగా మనము చూపు ఆ ధ్రువతారయే నిలుకడ గలది కాదు. ఇంచుమించు నాలుగు దినముల కొక్కమాఱు దాని వెలుగు కొంచెము హెచ్చి, మరల కొంచెము తగ్గుచుండును. డెన్మార్కు దేశస్థుడైన హెర్ట్‌స్ప్రుంగ్ అను శాస్త్రజ్ఞుడు 1911లో ఛాయాచిత్రముల సాయమున ఈ సంగతిని స్థిరపఱచెను. మార్పు మిక్కిలి స్వల్పమగుటచే వట్టికంటికి తెలియదు. కాని వట్టికంటికే తెలియు మార్పులును ఆకాశమున కలవు. మన రైతులు ఆరుద్రకార్తె యని పేరు పెట్టి పిలుచుకొను కాలమునకు మూలమైన ఆర్ద్రానక్షత్రమును చూడుడు. ఆ యెఱ్ఱని చుక్క 2019 డిసెంబరు మొదలుకొని 2020 ఫిబ్రవరి వఱకు ఎన్నడును లేనంతగా వెలవెలబోయినది. లోకమంతట చుక్కల నెఱిగినవారు తలలెత్తి చూచిరి. అది మాఱు చుక్క యని 1836లోనే జాన్ హెర్షెలు గుర్తించియుండెను. మన పంచాంగములు మాత్రము ఆరుద్రకార్తె ఏ నాడు ప్రవేశించునో ఘడియ విఘడియలతో తెలుపును. ఆ కార్తె దినములలో ఆ చుక్క సూర్యుని వెలుగులో మునిగియుండి ఎవ్వరికిని కానరాదు. పేరు నోట నుండును, చుక్క కంట నుండదు.

ఇట్లు వెలుగు మాఱు చుక్కలకు చరతారలని పేరు. వానిని మొదట కనిపెట్టినవారిలో పెక్కురు గొప్ప వేధశాలల యధిపతులు కారు. 1596లో తిమిమండలమున నొక చుక్క మొలచి మఱుగగుట చూచి వ్రాసిపెట్టిన డేవిడ్ ఫాబ్రిసియసు ఒక గ్రామపు చర్చి గురువు. అది పదునొకండు నెలల కొక్కమాఱు మరల వచ్చు చుక్క యని తెలియుటకు మఱి నలువది యేండ్లు పట్టినది. ఇంగ్లండులో యార్కు నగరమున అల్గోల్ అను చుక్క రెండు దినముల యిరువది గంటల నలువదితొమ్మిది నిమిషముల కొకమాఱు తప్పక మసకబాఱునని 1783లో లెక్కగట్టి చెప్పిన జాన్ గుడ్రిక్ పుట్టుచెవుడు వంటి చెవుడు గల పదునెనిమిదేండ్ల బాలుడు. ఆ చుక్క చుట్టు మఱియొక చీకటి గోళము తిరుగుచు అడ్డము వచ్చుచున్నదేమో యని అతడు చేసిన యూహయే నిజమని పిమ్మట తేలినది. ఇరువదియొక్క యేండ్లకే అతడు మరణించెను.

ఈ పనికి గావలసిన సాధన మేమి? ఖరీదైన యంత్ర మక్కఱలేదు. 1844లో జర్మనీ దేశపు ఆర్గెలాండరు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఖగోళమునందు ప్రీతిగల గృహస్థులకు విన్నప మొకటి ప్రకటించి, కన్నులుండి ఓపిక గల ప్రతివాడును ఈ శాస్త్రమునకు సాయపడవచ్చునని వారిని పిలిచెను. ఆయన తెలిపిన పద్ధతి యిది. మాఱు చుక్కకు ఇరుగుపొరుగుననుండు నిలుకడగల చుక్కలలో దానికంటె కొంచెము హెచ్చు వెలుగుగల దాని నొకదానిని, కొంచెము తక్కువ వెలుగుగల దాని నొకదానిని ఎంచుకొనవలెను. ఈ రెంటి నడుమ మన చుక్క ఎన్ని మెట్ల పైనున్నదో, ఎన్ని మెట్ల క్రిందనున్నదో పోల్చి చూడవలెను. దినమును, గంటను తోడనే కాగితముపై నెక్కింపవలెను. చుక్క కానరాని రాత్రి ఊరకుండరాదు. ఫలాని తరగతి చుక్క వఱకు కనబడినది, ఇది మాత్రము కనబడలేదు అని యదియును వ్రాయవలెను. ఈ కడపటి నియమమే మాకు మిక్కిలి ముఖ్యముగా దోచుచున్నది. కనబడలేదని వ్రాసిన వ్రాత లేనిచో కనబడినదని వ్రాసిన వ్రాతకు విలువ యుండదు. ఒక చుక్క సోమవారము రాత్రి లేక, బుధవారము రాత్రి వెలిగినదన్న మాట సోమవారము నాడు లేదని వ్రాసినవాని మూలముననే కదా మనకు దక్కినది!

తరగతి యనగా నేమో చెప్పవలసియున్నది. వట్టికంటికి కనబడు చుక్కలను ప్రాచీన గ్రీకులు ఆఱు తరగతులుగా విభజించిరి. మిక్కిలి వెలుగు గలవి మొదటి తరగతి, కంటికి అందీ అందనివి ఆఱవ తరగతి. అంకె పెరిగినకొలది వెలుగు తగ్గునని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మొదటి తరగతి చుక్క ఆఱవదానికంటె సరిగా నూఱు రెట్లు వెలుగు గలదని నిర్ణయించి, ఒక్కొక్క తరగతికి నడుమ సుమారు రెండున్నర రెట్ల యంతరము నేర్పఱచి, ఈ కొలతకు లెక్క కుదిర్చినవాడు నార్మన్ పాగ్‌సన్. ఆయన 1856లో ఆక్స్‌ఫర్డునందు సహాయకుడుగా నుండి చేసిన యీ యేర్పాటే నేటికిని లోకమంతట చెల్లుచున్నది. ఐదేండ్లకు ఆయన మన చెన్నపట్టణమునకే వచ్చెను.

పాగ్‌సన్ చెన్నపట్టణమునకు వచ్చుటకు ముందే విచిత్రమైన చుక్క యొకటి ఆయన కన్నులలో పడియుండెను. 1855 డిసెంబరు 15వ తేదీని లండనులో జాన్ రస్సెల్ హిండ్ అనునాయన ఒక మద్యపు వర్తకుని సొంత వేధశాలలో పనిచేయుచు, మిథునరాశిలో అంతకుమున్ను చుక్కలేని చోట తొమ్మిదవ తరగతి చుక్క నొకదానిని గనెను. కొలది దినములలో నది మసకబాఱి మాయమయ్యెను. ఇది క్రొత్తగా మండి ఆఱిపోయిన నవ్యతార యని యెవరైన ననుకొనవచ్చును. అయినను 1856 మార్చిలో పాగ్‌సన్ అదే చోట దానిని మరల వెలుగుచుండగా చూచెను. ఆఱిపోయినది మరల మండుట! దీనికి యు జెమినోరం అని పేరిడిరి. సామాన్యముగా నది పదునాలుగవ తరగతిలో నడగియుండి, ఒకటి రెండు దినములలో తొమ్మిదవ తరగతికెక్కి, అనగా వెలుగు సుమారు నూఱు రెట్లై, ఒకటి రెండు వారములుండి మరల తగ్గిపోవును. సగటున నూఱు దినముల కొక్కమాఱు ఇట్లు జరుగును. అయితే సగటును నమ్మి ముహూర్తము పెట్టరాదు. ఒకప్పుడు రెండు నెలలకే మండును, ఒకప్పు డెనిమిది నెలలైనను కదలదు. నిజమైన నవ్యతారలు వేలకొలది, లక్షలకొలది రెట్లు వెలుగునవి గావున, వానితో పోల్చి ఈ జాతి చుక్కలకు వామననవ్యతారలను పేరు కలిగెను. ఏ పంచాంగమును వీని రాక నెఱిగించలేదు. చూచుటయొక్కటే యుపాయము.

పాగ్‌సన్ 1861లో చెన్నపట్టణపు వేధశాలకు అధిపతిగా వచ్చునప్పటికే అచ్చట చింతామణి రఘునాథాచార్యులు యౌవనము మొదలుకొని పనిచేయుచుండెను. ఆయన పంచాంగములు గణించు వంశమున బుట్టినవాడు. తాతతండ్రులు నోటిలెక్కతో గ్రహణకాలములను చెప్పుచుండగా, ఈయన రాత్రులు వేధశాలలో యామ్యోత్తర యంత్రమునకు కన్నానించి చుక్కలు మధ్యరేఖను దాటు క్షణములను వ్రాసికొనుచుండెను. 1867 జనవరిలో, దక్షిణపు దిగంతమునకు దగ్గఱగా చెన్నపట్టణమునకు కానవచ్చు రెటిక్యులమను చిన్న మండలములో నొక చుక్క వెలుగు మాఱుచున్నదని ఆయన కనిపెట్టెను. నేడు ఆర్ రెటిక్యులి యని పిలువబడు నీ చుక్క ఇంచుమించు తొమ్మిది నెలల కొక్క ఆవృత్తిని దిరుగుచు, వట్టికంటికి దాదాపుగా నందు వెలుగునుండి పెద్ద దుర్భిణికి గాని యందనంత మసకకు దిగిపోవును. ఆకాశమునం దేది యెచ్చట నుండవలెనో గణించి చెప్పుట మన పూర్వులకు వచ్చును. ఉండవలసినది ఉండవలసినట్లు లేదని కన్నులతో చూచి, ధైర్యముగా వ్రాసి, దానికి రుజువు నిలిపినది రఘునాథాచార్యుని ఘనత.

మఱుసటి యేటనే మన దేశమున కొక గొప్ప సందర్భము వచ్చినది. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణపు చీకటిచాయ తెలుగుదేశమున కడ్డముగా సాగెను. దానిని చూచుటకు దేశదేశముల పండితులు వచ్చిరి. గుంటూరునకు ఫ్రాన్సునుండి జాన్సెన్ వచ్చెను. పాగ్‌సన్ మచిలీపట్టణమున దిగెను. రఘునాథాచార్యుడు నిజాము రాజ్యములోని వనపర్తిలో నింకొక బృందమునకు పెద్దయై నిలిచెను. ఆ దినమున మన యూళ్లలో జనులు చేసిన పని స్నానములు, జపములు, దానములు. చేయగూడదని మేమనము. కాని ఇంటివాకిట దుర్భిణి నిలిపి గడియారము పట్టుకొని చూచిన తెలుగువారెందఱని లెక్కింపబోయిన సంఖ్య మిక్కిలి పెరుగునట్లు తోచదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత ధనముతో వేధశాల కట్టించి, ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపిన కథ యొకటి కలదు. అది వేఱుగా వ్రాయదగినది గాన నిచ్చట విడుచుచున్నాము.

రఘునాథాచార్యుడు చూచుటతో తృప్తిపడలేదు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబమున కడ్డముగా పోవునని తెలిసి, దాని విషయమున నొక చిన్న పుస్తకము రచించి ఇంగ్లీషునను దేశభాషలయందును ప్రకటించెను. అది ఒక పండితునకును సిద్ధాంతికిని జరిగిన సంభాషణరూపమున నున్నది. పాత సిద్ధాంతగ్రంథముల గణితము కాలక్రమమున కంటికి కనబడుదానితో సరిపోక తప్పుచున్నదనియు, వేధచేసి దానిని దిద్దుకొనుట శాస్త్రద్రోహము గాదనియు ఆయన వాదము. ఆ మాటకు దృగ్గణితమని మన వారికి పరిచితమైన పేరున్నది. చూపుతో సరిపోవు గణితమే గణితమని దానియర్థము. ఆయన దృగ్గణిత పంచాంగమును కూడ ప్రకటించుచుండెను. కొన్ని యిండ్లలో నేటికిని ఏకాదశి యెప్పుడని రెండు పంచాంగములు తగవులాడుచుండును గదా, ఆ తగవునకు వేధశాలలో కూర్చున్న ఈ మనుష్యుడు నూటయేబది యేండ్ల క్రిందటనే యుత్తరము చెప్పియుండెను. ఆయన 1880లో మరణించెను. పాగ్‌సన్ చరతారలపై వ్రాసిపెట్టిన లెక్కలు పెక్కులు అచ్చుకాకయే ఆయనయు 1891లో చెన్నపట్టణముననే కన్నుమూసెను. ఆ వ్రాతలను లండనులోని రాజకీయ జ్యోతిష్యసంఘము 1908లో వెలువరించినది.

ఆ వేధశాలలో మఱియొకరు పనిచేయుచుండిరి. ఆమె పాగ్‌సన్ కుమార్తె, ఐసిస్. 1873లో లెక్కలు గట్టు సహాయకురాలుగా చేరి, వేధశాల మూతపడిన 1898 వఱకు, ఇరువదియైదేండ్లు ఆమె యచ్చట పాటుపడెను. 1881 మొదలు చెన్నరాజధాని వాతావరణపు లెక్కలు చూచు భారమును ఆమెదే. ఆమెను జ్యోతిష్యసంఘమున సభ్యురాలుగా చేర్చుకొండని తండ్రి 1886లో లండనునకు వ్రాసెను. సంఘమువారు న్యాయవాదుల నభిప్రాయ మడిగిరి. సంఘమునకు ప్రభువు లిచ్చిన శాసనపత్రములో సభ్యుని గూర్చి "అతడు" అనియే యున్నదిగాని "ఆమె" అని లేదు గనుక స్త్రీని చేర్చుకొనరాదని వారు చెప్పిరి. రెండక్షరముల సర్వనామ మొకటి ముప్పదినాలు గేండ్లు ద్వారమున కడ్డుగడియ యయ్యెను! ఆమెకు 1920లో గాని సభ్యత్వము రాలేదు. స్త్రీలకు శాస్త్రమెందుకని మన యిండ్లలో ఎవరైన నడిగినచో, ఈ ప్రశ్న మనవారు మాత్రమే యడిగినది కాదని చెప్పుటకు ఈ వృత్తాంతము పనికివచ్చును.

అమెరికాలో హార్వర్డు వేధశాలాధిపతి ఎడ్వర్డు పికరింగు మాత్రము వేఱుదారి దొక్కెను. చరతారలను పరిశీలించుటకు ఔత్సాహికుల సాయము గోరుచు ఆయన 1882లో ప్రకటించిన పత్రమున స్త్రీల నందు ప్రత్యేకముగా పిలిచెను. ఆయన యింట పనికత్తెగా నుండిన విల్లియమినా ఫ్లెమింగు అనునామె, భర్త విడిచిపోగా పొట్టకూటికై చేరినది, ఛాయాఫలకముల పరీక్షయందు ఆఱితేఱి మున్నూఱుకు పైగా చరతారలను, పది నవ్యతారలను కనుగొనెను. అచ్చటనే లూయిసా వెల్స్ 1896లో హంసమండలమున ఎస్.ఎస్. సిగ్నీ యను వామననవ్యతారను ఫలకములపై పట్టెను. చెవులు సరిగా వినరాని హెన్రియెట్టా లెవిట్టు రెండువేల నాలుగువందల చరతారలను గుర్తించి, వానిలో నొక జాతికి వెలుగు పెరుగు తరుగుల కాలము హెచ్చినకొలది నిజమైన ప్రకాశమును హెచ్చునని 1912లో తేల్చెను. చుక్కలదూరమును కొలుచుటకు లోకమునకు దొరికిన గొప్ప కొలబద్ద యదియే. వీరికి జీతములు కొంచెము. జీతముల మాటకు వచ్చినప్పుడు పికరింగుగారి యుదారతను మేమంతగా మెచ్చజాలము.

1911లో కనెక్టికటు రాష్ట్రపు న్యాయవాది విలియం టైలర్ ఓల్కాటు, పికరింగు ప్రోత్సాహముతో, చరతారల పరిశీలకుల సంఘము నొకదానిని స్థాపించెను. న్యాయవాదులు, గుమాస్తాలు, గృహిణులు, పాఠశాలోపాధ్యాయులు రాత్రివేళ పెరటిలోనుండి చూచినది నెలకొక్కమాఱు చీటిపై వ్రాసి పంపుచుండిరి. ఆ చీటీలు పంపినవారిలో మన దేశస్థు డొకడు ముఖ్యుడు. ఆయన వంగదేశపు జెస్సోరు పట్టణవాసి రాధాగోబింద చంద్ర.

ఈయన 1878లో జన్మించెను. ప్రవేశపరీక్షలో మూడుమాఱులు తప్పెను. ఆ పరీక్ష గట్టెక్కనివానికి మన సంఘమున నెట్టి మర్యాద జరుగునో పాఠకులకు చెప్పవలసిన పనిలేదు. జెస్సోరు జిల్లా ఖజానాలో నాణెముల మంచిచెడ్డలు పరీక్షించు చిన్న యుద్యోగము దొరికినది. పగలెల్ల రూపాయలను మ్రోగించి చూచుట, రాత్రులు చుక్కలను పోల్చి చూచుట. కల్ల నాణెమును మంచి నాణెమని చెల్లనిచ్చు నలవాటు లేనివాడు చుక్కల విషయమునను అట్టివాడే యయ్యెను. 1912లో మూడంగుళముల దుర్భిణి నొకదానిని కొనుక్కొనెను. 1918 జూన్‌లో గరుడమండలమున మిక్కిలి ప్రకాశమానమైన నవ్యతార వెలువడగా, ఎవ్వరును చెప్పకమునుపే తనంతట దానిని చూచి గుర్తించెను. దానిని గుఱించి హార్వర్డునకు వ్రాసిన యుత్తరమే ఆయనను ఓల్కాటు సంఘమునకు చేర్చినది. సంఘమువారు 1926లో ఆయనకు ఆఱంగుళముల దుర్భిణిని ఎరువుగా పంపిరి. సముద్రములు దాటి ఒక ఖజానాగుమాస్తా యింటి మీదికి వచ్చిన యా దుర్భిణితో, అంతకుమున్ను తన సొంతదానితో, ఆయన ఆ సంఘమునకు పంపిన పరిశీలనలు ముప్పదియేడువేలకు పైబడినవి. ఫ్రాన్సు ప్రభుత్వము 1928లో బిరుదిచ్చి గౌరవించెను.

ముప్పదియేడువేలనిన నెంతయో ఒకమాఱు తలపోయుడు. వంగదేశమున వర్షకాలము నాలుగు నెలలు మబ్బే. మిగిలిన నెలలలో రాత్రికి నాలుగైదు చుక్కలు పోల్చి వ్రాసిన గాని ముప్పదియైదేండ్లలో ఆ లెక్క తేలదు. ఇంటిలో పెండ్లి, చావు, జ్వరము, అప్పు, అన్నియు నుండును గదా! వీనిలో పెక్కు వ్రాతలు ఏమియు జరుగలేదని చెప్పునవే. మాకు తెలిసిన సంపన్నగృహములలో గోడకు వ్రేలాడు విలువగల దుర్భిణులున్నవి. గుడ్డ కప్పి, దుమ్ము పట్టకుండ మాత్రము చూచుచున్నారు.

దేశవిభాగమున జెస్సోరు పాకిస్తానులో చేరగా, ఆయన వృద్ధాప్యమున హిందూదేశపు వంగములోని బారాసాతునకు తరలి వచ్చి, 1954 వఱకు తన వ్రాతలు సాగించెను. కన్నులు పనిచేయనప్పుడు ఎరువుసొమ్ము నిలువ యుంచుకొనగూడదని సంఘమువారికి తెలిపెను. వారు దానిని మన దేశములోనే మఱియొకని చేతి కందింపుడని కోరిరి. ఆ మఱియొకడు హైదరాబాదు పెరుగుబిడ్డ.

హైదరాబాదున నవాబు జఫర్ జంగు బహద్దరు 1901లో ఫిసల్‌బండ యొద్ద తన సొంత వేధశాలను నెలకొల్పెను. ఆయన మరణానంతర మది నిజాము ప్రభుత్వమునకు చేరి నిజామియా వేధశాల యైనది. 1922 మొదలు టి. పి. భాస్కరన్ అధిపత్యమున, పదునైదంగుళముల గ్రబ్బు దుర్భిణితో నచ్చట చరతారల పని సాగినది. అందు సహాయకుడుగా నుండిన కేరళీయుడు బప్పుగారి కుమారుడు వేణు బప్పు. నిజాము కళాశాలలో చదువుకొనుచునే, తండ్రి వెంట వేధశాలకు పోయి, విద్యార్థిదశలోనే చరతారలపై వ్యాసములు ప్రకటించెను. 1949లో హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హార్వర్డునకు పోయిన కొలదినెలలకే ఒక క్రొత్త ధూమకేతువును గనెను. మరలి వచ్చి కోడైకెనాలు వేధశాల కధిపతియై, కావలూరున కొండయడవిలో క్రొత్త వేధశాలను కట్టించెను. చంద్రగారి ఆఱంగుళముల దుర్భిణి ఆయన చేతికి వచ్చి, కావలూరు చేరినది. ఆ వేధశాలలోని రెండుమీటర్లు పైబడిన దుర్భిణికి 1986లో ఆయన పేరే పెట్టిరి.

ఇంతకును ఈ వామననవ్యతారలు ఏల మండును? దీనికి సమాధానము ఇరువదవ శతాబ్ది నడుమ నాటికి గాని దొరకలేదు. ఇవి ఒంటరి చుక్కలు గావు, జంటలు. ఒకటి ముసలిబాఱి కుంచించుకొనిపోయిన శ్వేతవామనము. దాని పరిమాణము మన భూమియంత, బరువు సూర్యునితో సాటి వచ్చునంత. రెండవది సామాన్యపు చుక్క. ఎస్.ఎస్. సిగ్నీలో ఇవి రెండును ఆఱున్నర గంటలలో ఒకదాని చుట్టు నొకటి తిరుగునంత దగ్గఱగా నున్నవి. సామాన్యపు చుక్కనుండి వాయువు జాఱి, శ్వేతవామనముపై తిన్నగా పడక, చుట్టును పళ్లెమువలె తిరుగుచు పోగుపడును. చెఱువులో నీరు చేరి చేరి గట్టు తెగునట్లు, ఆ పళ్లెము మితిమీఱి వేడెక్కగా వాయువంతయు నొక్కపెట్టున లోనికి దొర్లును. ఆ దొర్లుటలో పుట్టు వెలుగే మన కన్నుల బడు మంట. 1974లో జపాను శాస్త్రజ్ఞుడు ఒసాకి యీ సిద్ధాంతమునకు రూపమిచ్చెను.

అయితే ఈ సిద్ధాంతమునకు ఒక చిక్కు వచ్చినది. 1999లో ఆకాశమునుండి చేసిన కొలత ప్రకారము ఎస్.ఎస్. సిగ్నీ దూరము సుమారు 520 కాంతిసంవత్సరములు. అంత దూరమున నుండి అంత వెలుగు కనబడవలెనన్న, సిద్ధాంతము చెప్పినదానికంటె ఆ చుక్క చాల హెచ్చుగా మండవలెను. సిద్ధాంతము తప్పా, కొలత తప్పా? రేడియో దుర్భిణులతో మరల కొలువవచ్చును గాని, ఆ చుక్క రేడియోలో పలుకునది మంట మొదలైన కొలది కాలమే. ఆ మంట యెప్పుడు మొదలగునో యే యంత్రమును చెప్పదు. శాస్త్రజ్ఞులు ఓల్కాటు స్థాపించిన సంఘమును ఆశ్రయించిరి. పెరటిలో కూర్చున్న ఔత్సాహికులు రాత్రి వెంబడి రాత్రి చూచి, చుక్క కదలినదని కబురు పంపగానే రేడియో దుర్భిణులు దానివంకకు తిరిగినవి. 2013లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము దూరము సుమారు 370 కాంతిసంవత్సరములే. సిద్ధాంతము నిలిచినది. 1896 నుండి ఆ చుక్క మండిన మంట దాదాపు ఏదియును లెక్కకు తప్పిపోలేదన్న, దానికి కారణము నూటయిరువదియేండ్ల చీటీలు.

బాణమండలమునందు డబ్ల్యు.జడ్. సగిట్టే యను మఱియొక వామననవ్యతార కలదు. దాని యోపిక ఇంకను పెద్దది. 1913లో నొకమాఱు, 1946లో నొకమాఱు, 1978లో నొకమాఱు మండినది. మొదట ముప్పదిమూడేండ్లు, పిమ్మట ముప్పదిరెండేండ్లు. ఇంక లెక్క తేలినది, 2010 దాటిన గాని యిది రాదని పలువు రనుకొనిరి. అది 2001 జూలైలోనే, ఇరువదిమూడేండ్లకే, వచ్చినది. లెక్కను నమ్మి ఊరకున్నచో ఆ మొదటి రాత్రి పోయెడిదే. జూలై 23వ తేదీ రాత్రి జపానులో నొక ఔత్సాహికుడు, ఇంక పదేండ్లకు గాని రాదనుకొన్న చుక్క చోటును ఆనాడును మామూలుగా చూచి, వెలుగుచున్నదని వ్రాసెను.